పాటతో కొలిచిన ఊట

పోయిన నెలలో నీళ్ళ పథకాల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ మా జీలుగుపుట్టుకు వచ్చింది. పల్లపు ఊళ్ళ మనిషి, పాతికేళ్ళ లోపే ఉంటుంది. నాలుగు రోజులుగా మా కొండలెక్కి దిగి, చెప్పు తెగిపోయి, ఎవరిదో రబ్బరు చెప్పు ఒక కాలికి తొడుక్కుని తిరుగుతోంది. మా ఊళ్ళో ఏ కొలత కావాలన్నా నా దగ్గరికి పంపడం అలవాటు. కాఫీ మొక్కకీ మొక్కకీ మధ్య ఎన్ని అడుగులుండాలి, మెట్టు చేను వైశాల్యమెంత, తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి, ఇవన్నీ నేనే చెబుతాను. ఈ లెక్కలు నాకెవరూ నేర్పలేదు. పాత ఎక్కాల పుస్తకం ఒకటి దొరికితే దాన్ని అరగదీసి, సంతలో కాటాల పక్కన నిలబడి, తప్పులు చేసి దిద్దుకుని నేర్చుకున్నవి. ఆ అమ్మాయినీ అలాగే మా అరుగు మీదికి పంపారు. ఆమె సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా ముందు పెట్టింది.

“ఇది మీ చేతిరాతేనని ఊళ్ళో చెప్పారండి. ఇరవై ఆరేళ్ళ కిందటిది. చైత్రమాసంలో మీ పైఊట పది లీటర్ల బకెట్‌ని నలభై సెకన్లలో నింపిందని ఉంది. నిన్న నేను కొలిస్తే నూట తొంభై సెకన్లు పట్టింది. ఇంచుమించు ఐదో వంతుకు పడిపోయింది. కొండ ఎండిపోతోందని రిపోర్టులో రాయనా?”

“రాస్తే ఏమవుతుందమ్మా?”

“ఏముందండీ, ఎండిపోయే కొండని నమ్మి మళ్ళీ పైపులు వెయ్యరు. అవతలి లోయలో ఊట చూశాను, అది చాలా బాగుంది. కాని అదీ ఈ కొండదే కదా, అదీ ఇలాగే పడిపోతుందంటారు. బోరు వేసుకోమంటారు. మీ ఊరి రాతిలో బోరు పడదని మీకు నేను చెప్పాలా?”

రెండు రోజులు ఆగమ్మా, చూసి చెబుతాను అన్నాను. నిజానికి చూడవలసిందేమీ లేదు. ఆ నలభై నా చేతిరాతే, నేను కొలిచింది మాత్రం కాదు. ఆ సంగతి తెలిసిన మనిషిని ఇన్నేళ్ళుగా నేనొక్కణ్ణే. ఆ అమ్మాయి వెళ్ళిన తర్వాత కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని చూశాను. కాగితం అడుగున, చదువుకునే రోజుల్లో నేను గొప్పగా పెట్టుకునే సంతకం, కింద రెండు గీతలతో సహా స్పష్టంగా ఉంది.

మా ఇంట్లో నా చిన్నతనంలో గడియారం లేదు. మా అయ్య దూరాలన్నీ చుట్టల్లో చెప్పేవాడు. సంత మూడు చుట్టల దూరం. మేనత్త ఊరు అయిదు చుట్టలు, ఎక్కుడు గనక ఇంకో అర. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవాడు కాబట్టి చుట్ట ఎంత కాలిందో పైకి కనిపించేది కాదు, అయినా ఆయన అంచనా తప్పేది కాదు. మాఘమాసంలో మా వాకిట్లో పెద్ద డేగిసాలో పసుపు ఉడికేది. ఆ వాసన వారం రోజులు బట్టల్ని వదిలేది కాదు. పసుపు ఉడికిందీ లేనిదీ మా వదిన బుద్రమ్మ పుల్ల గుచ్చి చూసేది కాదు, ఆవిరి వాసన మారేదాకా ఆగి మూత తీసేది. మా అమ్మ నేను పుట్టిన కొన్నాళ్ళకే పోయింది. అన్న నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. వదిన మా ఇంటికి వచ్చేటప్పటికి నాకు ఏడెనిమిదేళ్ళు. నాకు చోడి అంబలి, అంటే రాగి జావ పోసి, తలకు వలిసె గింజల నూనె రాసి, బడికి తరిమింది ఆమే. ఆమెకు అక్షరం రాదు. ఆమెకు వచ్చింది పాట. ధింసా ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది మా వదినే. వరసలో పదిహేను మంది ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని నిలబడి, ఆమె గొంతు లేచేదాకా అడుగు కదపకుండా చూస్తుండేవారు. డప్పు వాయించే ముసలాయన కూడా ఆమె వైపే చూసేవాడు.

ఆ ఇంట్లో చేతికి గడియారం కట్టిన మొదటివాణ్ణి నేను. కొండ దిగి కాలేజీలో చేరి, హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదివాను. ఆఖరి ఏడాది రెండో సగంలో నాలుగు ప్రాజెక్టులు ఒక్కసారిగా మీద పడ్డాయి. భూగోళానికి మా ఊరి పైఊటను మాఘం నుంచి చైత్రం చివరిదాకా, పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు కొలవాలి. అర్థశాస్త్రానికి సంతలో అరవై మంది అమ్మకందార్లను కలిసి వివరాలు రాయాలి. తెలుగుకు యాభై పాటలు సేకరించి అర్థాలతో రాయాలి. ఇవి చాలక వేసవి సేవా శిబిరం మీద ఒక నివేదిక. నాలుగింటికీ గడువు ఒకే వారంలో.

నేను భయపడలేదు. సంబరపడ్డాను. లెక్కతో లొంగదీయవలసిన పని దొరికిందనుకున్నాను. డ్రాయింగు షీటు వెనక గళ్ళు గీసి, ఒక్కో ప్రాజెక్టుకు ఎన్ని మార్కులో, ఎన్ని గంటలు పడుతుందో రాసి, ఒకదాన్ని రెండోదానితో భాగించాను. గంటకు ఎన్ని మార్కులు వస్తాయన్నది నా ప్రశ్న. నివేదికకు గంటకు రెండున్నర మార్కులు. పాటలకు ఒకటింపావు. సంతకు ఒకటి. ఊట దగ్గరికి వచ్చేసరికి, హాస్టల్ నుంచి జీపులో వచ్చి, మూడు కిలోమీటర్లు కొండెక్కి, కొలిచి, మళ్ళీ దిగడానికి ఒక్కో ప్రయాణానికి అయిదు గంటలు. ఇరవై నాలుగు ప్రయాణాలకు నూట ఇరవై గంటలు. మార్కులు యాభై. గంటకు అర మార్కు కూడా రాలేదు. పాచిపెంట వైపు నుంచి వచ్చిన నా గది స్నేహితుడు రామ్మూర్తి ఆ షీటు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

“ఒరే సోమన్నా, అన్నం తినడానికి గంటకెన్ని మార్కులురా? గుడ్డలుతుక్కోడానికి గడి లేదేటి?”

“ఆదివారం ఆరు నుంచి ఏడు దాకా ఉంది, సూడు.”

“వాన పడితే?”

“మాఘంలో వాన పడదు.”

“నువ్వు సచ్చినా గడిలోనే సత్తావురా,” అని పడిపడి నవ్వాడు. నాకు కోపం వచ్చింది. అతను మూడు ప్రాజెక్టులే పూర్తిచేసి నాలుగోదానికి సున్నా తెచ్చుకున్నాడు. నాకు నాలుగింటికీ మంచి మార్కులు వచ్చాయి. సున్నా తెచ్చుకున్న రామ్మూర్తి ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు.

మొదటి ఎనిమిది వారాలు గడుల ప్రకారమే నడిచాను. ఊట దగ్గర నీళ్ళు జారడానికి జీలుగు చెట్టు మొద్దును తొలిచి చేసిన దోనె ఉండేది. దాని కింద పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ పెట్టి, గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. మొదటి వారం ముప్ఫై సెకన్లు. ఎనిమిదో వారానికి ముప్ఫై అయిదు. వారాలు గడిచేకొద్దీ నెమ్మదిగా, బుద్ధిగా పెరుగుతున్న అంకె. చైత్రం వచ్చేసరికి మిగతా మూడు ప్రాజెక్టులు పీకల మీదికి వచ్చాయి. మిగిలిన ఎనిమిది ప్రయాణాలు మానేస్తే నలభై గంటలు మిగులుతాయి. ఆ నలభై గంటల్లో పాటలకు అర్థాలు రాసెయ్యవచ్చు. ఒక బుధవారం ఊరికి వచ్చినప్పుడు వదినను అడిగాను. ఆమె ఎలాగూ రోజూ పొద్దున్నే ఊటకు వెళ్తుంది.

“వదినా, నెల రోజులు నేను రాలేను. బకెట్ ఇక్కడే వదిలేస్తాను. నిండడానికి ఎంతసేపు పట్టిందో నువ్వు చూసిపెట్టు.”

“గడియారం ఇచ్చేత్తావా మరి?”

“అది నాకు పరీక్షలకు కావాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టు.”

“నూరు దాటితే నాకు తిరగబడిపోతాది. పాట పాడితే పోదా? దోనె కింద పెట్టగానే ఎత్తుకుంటాను, నిండగానే ఆపేత్తాను.”

“ఏ పాట?”

“అత్త పాట. ‘సంతకెల్లొత్తా అత్తా’ అనీది. ఎనిమిది సరణాలు. నాను ఎప్పుడు పాడినా ఒక్కలాగే ఉంటాది.”

సరే పాడు అన్నాను, నవ్వుతూ. నాకు తొందరగా ఉంది. రోడ్డు మీదికి దిగేసరికి ఆఖరి జీపు వెళ్ళిపోతుందని భయం. కోడలు సంతకు వెళ్ళడానికి అత్తను బతిమాలుకునే ఆ పాటను నేను అప్పటికే తెలుగు ప్రాజెక్టులో రాసేశాను. పదిహేడో పాట. కఠిన పదాలకు అర్థాలు కూడా రాశాను.

నెల రోజుల తర్వాత నేను తిరిగి వచ్చింది ఇటుకల పండగ రోజుల్లో. చైత్రంలో వచ్చే ఆ పండగకు మా కొండల్లో మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు గెడ పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. నా జీపును నాలుగు ఊళ్ళ దగ్గర ఆపారు. ప్రతిచోటా పాట, ప్రతిచోటా నవ్వులు. యాభై నిమిషాలు పోయాయని నేను లోపల కుతకుతలాడుతూ లెక్క కట్టుకున్నాను. గడువుకు మూడు రోజులు మిగిలాయి. ఇంటికి చేరగానే వదిన ఎదురొచ్చింది.

“వచ్చేవా బాబూ! అందరూ అడివిలో వేటకెల్తే నువ్వు కాయితాల వేటకెల్లేవు. ఏటి తెచ్చేవు? వట్టి సేతుల్తో వచ్చినోడి మీద పేడనీళ్ళు జల్లుతాం, తెలుసునా?”

వేటలో ఏమీ దొరక్క తిరిగొచ్చిన మగవాళ్ళ మీద మా ఆడవాళ్ళు నిజంగానే పేడనీళ్ళు చల్లుతారు. నేను నవ్వలేదు. కొలతలేవి వదినా అన్నాను. ఆమె నన్ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. పండగకు ముందే ప్రతి ఇంటికీ ఎర్రమట్టి పూస్తారు. మా ఇల్లు కూడా తడి ఆరీ ఆరని మట్టి వాసనతో ఎర్రగా ఉంది, పొయ్యి వెనక గోడలో చాపంత మేర తప్ప. అక్కడ పాత మట్టి అలాగే వదిలేసింది. దాని మీద బొగ్గుతో గీతలు. రోజుకొక వరస. పాట ఒకసారి పూర్తయితే ఒక నిలువు గీత, మధ్యలోనే బకెట్ నిండితే ఒక పొట్టి గీత. నేను ఎనిమిది కొలతలు అడిగితే ఆమె ఇరవై ఆరు వరసలు గీసింది. పై వరసల్లో ఒక్కొక్క పొట్టి గీతే. మధ్య వరసల్లో ఒకటి, రెండు. అడుగు వరసల్లో మూడు నిలువు గీతలు, ఒక పొట్టి.

“పండక్కి గోడ ఇలగొగ్గేసినాననీసి మీ అన్న తిట్టేడు. నువ్వు రాసుకున్నాక పూసేద్దునని ఆపినాను. బేగి రాసుకో, మరి.”

ఆ గోడ ముందు నేను నిలబడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. పాటను సెకన్లలోకి మార్చాలంటే ఆమెను పాడమని గడియారంతో కొలవాలి. అంతే పని. ఒక్క నిమిషం పని. కాని నాకు ఆ గీతలు లెక్కలా కనిపించలేదు. మూడింతలు, నాలుగింతలు ఎలా పెరుగుతుంది, ఈమె ఎక్కడో పొరబడి ఉంటుంది, మధ్యలో ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయి ఉంటుంది అనుకున్నాను. లెక్చరరుగారికి పాటలు, బొగ్గు గీతలు అని చెబితే నవ్వుతారన్న సిగ్గు కూడా ఉంది. ఊటకు వెళ్ళి ఒక్కసారి నేనే కొలిచినా సరిపోయేది. ఆ రోజు పగలల్లా నా దగ్గరున్నదే, కాని షీటులో ఆ గడి సంత సర్వే సాపు రాతకు ఇచ్చేశాను.

“రాసుకున్నాను వదినా, పూసేసుకో,” అన్నాను.

ఆమె అప్పుడే మట్టి కలిపి గోడ పూసేసింది. నేను అరుగు మీద కూర్చుని ఎనిమిది అంకెలు పుట్టించాను. ఎనిమిది వారాల్లో ముప్ఫై నుంచి ముప్ఫై అయిదుకు వచ్చింది, అదే వరసలో మరో నాలుగు వారాలకు ముప్ఫై ఏడున్నర అవుతుంది. జాగ్రత్త కోసం ఇంకో రెండున్నర కలిపి నలభై దగ్గర ఆపాను. ఊటలు అలా గీత గీసినట్టు తగ్గవనీ, ఎండ కొండ లోపలికి దిగిన తర్వాత రోజుల్లోనే పడిపోతాయనీ ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా చెబుతాను. అప్పుడు తెలియదు. తెలిసిన మనిషి గోడ మీద రాసిపెడితే మట్టి పూసేయించాను.

ఆ ప్రాజెక్టుకు యాభైకి నలభై ఆరు వచ్చాయి. కొన్ని నెలలకు మా ఊరికి కొండనీటి పథకం మంజూరైంది. ఎత్తులో ఉన్న ఊట నీటిని గొట్టాల ద్వారా ఊళ్ళోకి దింపే ఏర్పాటు అది. పైఊట నుంచి తేవాలా, దూరమైనా అవతలి లోయ ఊట నుంచి తేవాలా అన్నది తేలవలసిన ప్రశ్న. వేసవి కొలతలు వాళ్ళ దగ్గర లేవు. మా లెక్చరరుగారు గర్వంగా నా ప్రాజెక్టు చూపించారు. వచ్చిన ఆఫీసరు దాన్ని తిరగేసి, “ఇవన్నీ నువ్వే కొలిచావా బాబూ?” అని అడిగాడు. అబద్ధం దిద్దుకోవడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. “నేనూ, మా వదినా కొలిచామండి,” అన్నాను. అక్కడితో ఆగలేదు. ఊళ్ళో కూడా అదే చెప్పాను. వదినకు పేరు ఇస్తున్నాననీ, అది నా మంచితనమనీ అనుకున్నాను. కొళాయి మొదటిసారి తిప్పే రోజున ఊరంతా కలిసి ఆమె చేతే తిప్పించారు. బుద్రమ్మ పాడి తెచ్చిన నీళ్ళు అన్నారు. ఆమె తడిచిన చేతులు ముఖానికి రుద్దుకుని నా వైపు చూసి నవ్వడం నాకు గుర్తుంది.

మరుసటి చైత్రం మొదటి పక్షంలోనే కొళాయి ఆగిపోయింది. ఉగ్గబట్టినట్టు గురగురమని కాసేపు గాలి, తర్వాత ఏమీ లేదు. తొట్టి దగ్గర పదిమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉండగా ఒకామె అన్న మాట నా చెవిన పడింది.

“ఒలే బుద్రీ, నువ్వు పాడితేగాని రావేటి? ఒక సరణం ఎత్తే.”

“సరణం సాల్దులే, ఎనిమిదీ పాడాల,” అని ఇంకొకామె.

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. తర్వాత బిందె నెత్తికెత్తుకుని గెడ్డ దారి పట్టింది. గెడ్డ అంటే కొండవాగు, నాలుగు వందల అడుగుల లోతున ఉంటుంది. ఆ సాయంత్రం నేను ఒంటరిగా ఊట దగ్గరికి వెళ్ళి, సన్నగా కారుతున్న ధార ముందు నిలబడి, గడియారం చూస్తూ నాకొచ్చిన గొంతుతో అత్త పాట పాడుకున్నాను. యాభై సెకన్లు. గోడ మీద చూసిన అంకెల్ని నేను మరిచిపోలేను, అది నా స్వభావం. మూడు నిలువు, ఒక పొట్టి అంటే నూట యాభైకి పైన. నా కాగితంలో నలభై. వదిన లెక్క సరైనదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు నలభై ఏడు. మధ్యలో ఎన్నోసార్లు చెప్పబోయి ఆగిపోయాను. అప్పుడే నా దగ్గరికి కొలతల కోసం మనుషులు రావడం మొదలైంది. సోమన్న అంకె అంటే ఇక తిరుగులేదనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది.

ఆ ఏడు నుంచే వదిన ధింసాలో పాట ఎత్తడం మానేసింది. వరసలో నిలబడేది, అడుగు వేసేది, నోరు విప్పేది కాదు. అన్న పోయిన దిగులు అని నేను సర్దిచెప్పుకున్నాను. అన్న జ్వరంతో పోయింది ఆ తర్వాత రెండేళ్ళకు. ఏది ముందు, ఏది వెనక అని వరస చూసుకోవడం నాలాంటి వాడికి ఎంత పని? చూసుకోలేదు. చూసుకోవాలనుకోలేదు.

జిరాక్సు కాగితం నా దగ్గరున్న రెండు రోజుల్లో రెండో రోజు, వదిన మనవరాలు రత్నం హాస్టల్ నుంచి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. అందరిలోనూ నన్ను చిన్న తాతా అని పిలిచి, ఏళ్ళు మీదేసి నవ్వుతుంది.

“చిన్న తాతా, నాలుగు ప్రాజెక్టులు, ఇరవై రోజులు. నీకు లెక్కలొచ్చు గదా, టైమ్ టేబుల్ వేసియ్యవా? ఫోన్‌లో వేసుకున్నాను గాని గంటగంటకీ మోగి సంపేస్తోంది.”

ఎన్నింటికి ఎన్ని మార్కులని అడగబోయి ఆగాను. వాటిలో నువ్వే స్వయంగా వెళ్ళి చూడవలసింది ఏది, ఈ ఇరవై రోజులు దాటితే మళ్ళీ కనిపించనిది ఏది అని అడిగాను. పిల్ల ఆలోచించి, చింతూరు వెళ్ళి అక్కడి అవ్వల దగ్గర విత్తనాల పేర్లు రాయాలి, అది చివర్లో పెట్టాను, వాళ్ళెక్కడికి పోతారులే అనుకున్నాను అంది. దాన్ని మొదట పెట్టుకోమన్నాను. ఎందుకని అడిగింది. ఆ ప్రశ్నతో పుట్టిన సిగ్గుతోనే లేచి వదిన ఇంటికి వెళ్ళాను.

వదిన వాకిట్లో కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతోంది. మోకాళ్ళ నొప్పుల వల్ల కాళ్ళు ముడవలేక రెండూ చాపుకుని కూర్చుంటుంది. ఏడాదికి డెబ్భై రోజులు, రోజుకు నాలుగుసార్లు, కిందటేడు దిగడం మానేసేదాకా ఇరవై నాలుగు వేసవులు. ఆరువేల ఏడువందల ఇరవై సార్లు ఆమె ఆ గెడ్డకు దిగి ఎక్కింది. దారిలో ఆ లెక్క నా తలలో దానంతటదే పూర్తయింది.

“వదినా, ఊట కొలత కాయితంలో నీ లెక్క లేదు.”

“ఏటి?”

“నువ్వు గోడ మీద గీసిన గీతలు నేను రాసుకోలేదు. నా సొంతంగా అంకెలు వేసేశాను. ఆ అంకెలు చూసే వాళ్ళు పైఊటకు గొట్టాలు వేశారు.”

చేట ఆగింది. “రాసుకున్నానన్నావు గదా.”

“అన్నాను. అబద్ధం.”

ఆమె చోళ్ళ వైపు చూసింది. అందులో ఒక రాయి ఏరి పక్కన పారేసింది. కోప్పడుతుందని ఎదురుచూశాను. ఆమె అడిగింది వేరే.

“అయితే నాను సాగదీసి పాడలేదా?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను సోమన్నా. పొద్దుటి సలికి గొంతు బిగిసిపోయి సాగదీసి పాడేసుంటాను, బకెట్ నిండీలోపు పాటలు తక్కువైపోయుంటాయి, తక్కువ గీసుంటాను, నీళ్ళు ఎక్కువున్నాయని ఆళ్ళు అనీసుకునుంటారు అని. ఊరందరి కాళ్ళూ నా పాట వల్లే అరిగిపోతన్నాయని. పాటకి తూకం లేనిదాన్ని ఏ మొకం పెట్టుకుని వరసలో ఎత్తీది?”

అక్షరం రాని మనిషి, తప్పు జరిగి ఉంటే అది ఏ వైపుకు జరిగి ఉండాలో సరిగ్గా కట్టుకుంది. సాగదీస్తే పాటలు తగ్గుతాయి, పాటలు తగ్గితే నీళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. నేను కూడా కాగితం మీద వేసుకుంటేగాని చెప్పలేను. ఆ తెలివితో ఆమె తనకు తానే శిక్ష వేసుకుంది.

“నీ పాట సరిగ్గానే ఉంది వదినా. ఆఖరి రోజుల్లో మూడు గీతలు, ఒక పొట్టి గీత. అదే నిజం.”

“పొట్టి గీతంటే సగం అనీసుకున్నావా? సగం కాదు. నాలుగోసారి ఏడో సరణంలో ‘సామలు’ అన్న మాట దెగ్గిర నిండిపోయీది. మనసులో ఎన్నిసార్లు పాడి సూసుకున్నానో నాకే తెలుసు.”

అక్కడికక్కడే కట్టాను. మూడు పాటలకు నూట యాభై, నాలుగో పాటలో ఏడో చరణం మొదటి దాకా ఇంకో నలభై. నూట తొంభై. ఇంజనీరమ్మ ఫోన్‌లో కొలిచింది కూడా నూట తొంభై. కొండ ఎండిపోలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ మాట చెబితే వదిన తల ఊపింది. సంతోషించినట్టు లేదు. “ఇది నాకు సెప్తే ఏటి లాభం? నవ్వినోళ్ళకి సెప్పు,” అని చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ అంబలి తాగమని అనలేదు. నాకు ఏడెనిమిదేళ్ళ వయసు నుంచి ఆ గుమ్మంలోంచి నన్ను ఖాళీ కడుపుతో పంపడం అదే మొదలు.

మర్నాడు తొట్టి దగ్గర ఊరు కూడింది. ఇంజనీరమ్మ ఎదుట, అందరూ వింటుండగా చెప్పాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, గంటకు మార్కుల సంగతితో సహా చెప్పాను. ఇంజనీరమ్మ తన కాగితంలో నలభై కొట్టేసి నూట తొంభై రాసుకుంది. “కొండ నిలకడగానే ఉందన్నమాట, అయితే లోయ ఊటను నమ్మొచ్చు,” అని, పాత కొలత ఎవరిదని రాయాలో అడిగింది. వదిన పేరు చెప్పాను. ఆనాడు కొళాయి దగ్గర నవ్విన ఆడవాళ్ళ కోసం చూశాను. పదిమందిలో ముగ్గురు మిగిలారు. వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ, మొదటి మాట అన్నావిడే, కర్ర ఊతంతో లేచి వదిన దగ్గరికి వెళ్ళింది.

“ఒలే బుద్రీ, తప్పయిపోనాదే. ఇప్పుడెత్తే, ఇంటాం.”

వదిన గొంతు సవరించుకుంది. మొదటి చరణం ఎత్తింది. గొంతు పైకి లేవలేదు, బొంగురుగా ఉండిపోయింది. రెండో చరణంలో రెండు మాటల తర్వాత ఆగి, కొంగుతో నోరు తుడుచుకుని, “పాడకపోతే గొంతు పోద్ది గదే,” అంది. పెద్దావిడ ఆమె పక్కనే కూలబడింది.

వదిన ఎవరి వైపూ చూడకుండా పక్కనున్న మనవరాలితో, నువ్వందుకో అంది. రత్నం బిత్తరపోయి నా వైపు చూసింది. ఆ పిల్లకు ఆ పాట రాదు. ఆ పాట ఎంత పొడుగో నాకు సెకన్లతో సహా తెలుసు, పదిహేడో పాటగా మాటలన్నీ రాసి పెట్టుకున్నాను, కఠిన పదాలకు అర్థాలు కూడా ఉన్నాయి. మా ఇంట్లో ఆడపిల్లలు పాటలు నేర్చుకునే ఏళ్ళలో మా వదిన నోరు విప్పి పాడలేదు.